హిజ్రీ మొదటి ఏడు, నా ఉద్యోగం

అధ్యక్షులు వెంకటరాజు గారికి, వేదిక మీది పెద్దలకు, పిల్లలకు, వాళ్లను కదలకుండా కూర్చోబెట్టిన తల్లులకు నమస్కారం. (నవ్వులు)

వీడ్కోలు సభ కదా, నన్ను ఇందాక చాలా పొగిడారు. ఈ అరబ్బు దేశపు బడిలో నా పంతులమ్మ ఉద్యోగం ఆరేళ్ల కిందటే ఊడాల్సింది, ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కనుక నేనే చెబుతాను.

ఎనభయ్యో సంవత్సరం మార్చిలో, ఏడో తరగతిలో, హిజ్రీ మొదటి ఏడు క్రీస్తుశకం ఆరువందల ఇరవై రెండని చెప్పి, అక్కణ్ణుంచి నేటికి పదమూడువందల యాభై ఎనిమిదేళ్లే కదా, మరి గోడమీది హిజ్రీ కేలండర్లో పధ్నాలుగువందలని ఎందుకుంది, ఆ నలభై రెండేళ్లు ఎక్కడివని అడిగాను. జవాబు చెప్పేలోగా గంట కొట్టారు. జిలానీ బాషా గారమ్మాయి దిల్షాద్ ఇంటికెళ్లి, “మన కేలండర్ తప్పంట, మేడమ్ చెప్పింది” అంది.

మర్నాడు సబ్హాన్‌లో తాను పనిచేసే వర్క్‌షాపు నుంచి జిలానీ గారు నలుగురిని వెంటబెట్టుకొచ్చారు. “మా లెక్క తప్పని యాడ జదివినారు మేడమ్?” అన్నారు. అప్పటి ప్రిన్సిపాల్ గారు నా చెవిలో, “క్షమాపణ చెప్పేయండమ్మా” అన్నారు. మా వారికి ఇక్కడి ఆసుపత్రిలో వైద్యం జరుగుతున్న రోజులవి. ఉద్యోగంతోపాటు ఇక్కడ ఉండనిచ్చే అనుమతి, నా ఇఖామా, పోతే ఆసుపత్రిలో ఆయన మంచం కూడా పోతుంది. (ఆగి) అయినా చేయని తప్పు ఒప్పుకోబుద్ధి కాలేదు. వాళ్లను పిల్లలున్న తరగతిలోకే రమ్మని, పాఠం పూర్తి చేయనివ్వమన్నాను.

చంద్రుణ్ణి బట్టి లెక్కించే ఏడాది సూర్యుడి ఏడాదికన్నా పదకొండు రోజులు పొట్టి, ఆ తేడాయే ఇన్ని శతాబ్దాల్లో పేరుకుని నలభై రెండేళ్లయింది, రెండు లెక్కలూ ఒప్పే అన్నాను. మన పంచాంగం పేర్లను వెనక్కి లెక్కిస్తే ఆ హిజ్రీ మొదటి ఏడు చిత్రభాను, అరవై ఏళ్లకోసారి తిరిగొచ్చే పేరు కనుక ఎన్నో చిత్రభాను అని ఎవరూ తగువుకు రారు, అని కూడా అన్నాను. (నవ్వులు) ఆనాడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

జిలానీ గారు బోర్డు దగ్గరికొచ్చారు. “నా పెండ్లయిన ఏడు రంజాన్ రోజాలు చలికాలంలో వచ్చినాయి. ఈతూరి జూలై ఎండల్లో వస్తాండాయి. మీరు జెప్పేది ఇదేనా మేడమ్?” అన్నారు.

“ఇదేనండీ!”

“అయితే ఖలాస్, తగువు అయిపాయ. పాపా, సగం ఇని ఇంటికి రావద్దు” అని దిల్షాద్‌తో అన్నారు. వాళ్లు వెళ్లాక కుర్చీలో కూలబడి, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా కూర్చున్నాను. సాయంత్రం జిలానీ గారే నన్ను కారులో ఆసుపత్రికి దించారు. మా వారు కోలుకునేదాకా రోజూ దించారు. ఇదిగో, మా వారు ముందు వరుసలో ఆవులిస్తున్నారు. (నవ్వులు)

రేపు మమ్మల్ని విమానాశ్రయానికి తీసుకెళ్లేదీ జిలానీ గారే. దారిలో నేనేం మాట్లాడగలనో తెలియదు కనుక, జిలానీ గారూ, మీకూ ఈ సభకూ ఇక్కడే దణ్ణం పెట్టుకుంటున్నాను. మనసు తేలిగ్గా ఉంది. సెలవు.