వెనక్కి రాని చెయ్యి

రండర్రా, ఇంకా దగ్గరికి జరగండి. ఆ గోడ పడిపోకుండా కాపలా ఏమైనా పెట్టారా మిమ్మల్ని, అలా ఆనుకుని కూర్చున్నారు? ఇటు రండి. కూర్చోండి.

ఏమిటీ, మెదడు పాఠం మొత్తం వచ్చేసిందా నీకు? గడగడా అప్పజెప్పావు, విన్నానులే. పెద్ద మెదడు ఆలోచిస్తుంది, చిన్న మెదడు ఒళ్ళు తూలకుండా చూస్తుంది, మజ్జాముఖం ఊపిరినీ గుండెనూ నడిపిస్తుంది... అబ్బో! ఒక్క తప్పు లేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది. నీ మీద కాదమ్మా, మొహం చిన్నబుచ్చుకోకు. సరిగ్గా ఇలాగే అప్పజెప్పే మహానుభావుడొకడు ఉండేవాడు. ఆయన సంగతి చెప్తాను వినండి.

ఆయనో సైన్సు మేష్టారు. చొక్కా మడత నలగకూడదు, నల్లబల్ల మీద మెదడు బొమ్మలో వంపు తప్పకూడదు. నాలుగు రంగుల సుద్దముక్కలు సొంతంగా కొనుక్కొచ్చేవాడు. బొమ్మ గీసేసి, నాలుగడుగులు వెనక్కి వేసి, తనే చూసుకుని మురిసిపోయేవాడు. ఎదురుగా నలభై మంది పిల్లలున్నారన్న ధ్యాస ఉండేది కాదు. తన తలలో ఉన్న మెదడు కంటే బల్ల మీది మెదడే గొప్పదనుకునేవాడు. ఆ మాట మాత్రం నిజమే.

ఏటా ఈ పాఠం వచ్చిందంటే చాలు, బడిలో గంట కొట్టే మనిషిని క్లాసుకి పిలిపించేవాడు. పిల్లలంతా ఆ మనిషిని గంట బాబాయి అనేవారు. ఎప్పుడూ నవ్వుమొహమే. బాబాయి కళ్ళకి తువ్వాలు కట్టి, ముందు వేడినీళ్ళ గ్లాసు పెట్టి, "ఊఁ, పట్టుకోవోయ్" అనేవాడు మేష్టారు. వేళ్ళు అలా తగిలాయో లేదో, చెయ్యి చటుక్కున వెనక్కి వచ్చేసేది. ఆ తర్వాత "అబ్బా!" అనేవాడు బాబాయి. క్లాసంతా గొల్లుమనేది.

"చూశారా? చెయ్యి ముందు, అబ్బా తర్వాత! ఎందుకు?"

ఎందుకర్రా? ఆఁ, అదే. వేడి తగిలిన కబురు నాడి వెంట పరుగెత్తి వెన్నుపాముని చేరుతుంది. చెయ్యి లాగెయ్ అని ఉత్తర్వు అక్కడే పుడుతుంది. పైన మెదడుకి ఆ కబురు అందేసరికి చెయ్యి వచ్చేసి ఉంటుంది. అప్పుడు మెదడుగారు తీరిగ్గా మనచేత 'అబ్బా' అనిపిస్తారు. పుస్తకంలో అసంకల్పిత ప్రతీకార చర్య అని రాసి ఉంటుందే, అదే ఇది. పాఠం మంచిదే. పాఠం తప్పేం లేదు.

ఓ ఏడు తనిఖీకి అధికారి వస్తున్నాడన్నారు. మేష్టారి కాళ్ళు నేల మీద నిలిస్తే ఒట్టు! బొమ్మ మూడుసార్లు చెరిపి గీశాడు. కొత్త తువ్వాలు తెచ్చాడు. అధికారి వెనక వరసలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బాబాయి కళ్ళకి గంతలు కట్టారు. మరిగిన నీళ్ళు పోసిన స్టీలు గ్లాసు ముందు పెట్టారు.

"పట్టుకోవోయ్!"

పట్టుకున్నాడు. వదల్లేదు.

నవ్వకండి. ఆ రోజూ ఇలాగే నవ్వారు. గ్లాసు చుట్టూ అయిదు వేళ్ళూ బిగించి, ఫోటోకి నిలబడ్డట్టు నవ్వుతూ నిలబడ్డాడు బాబాయి. పిల్లలేమో ఇదేదో వీరత్వం అనుకుని చప్పట్లు!

"వేడిగా లేదూ?" అన్నాడు మేష్టారు, పళ్ళ బిగువున.

"నీళ్ళు పోశారా అండీ?" అన్నాడు బాబాయి.

అధికారి లేచొచ్చాడు. "ఏం మేష్టారూ, హడావుడిలో పొయ్యి వెలిగించడం మరిచిపోయారా?" అంటూ తనూ గ్లాసు ముట్టుకున్నాడు. చెయ్యి ఎగిరింది. తర్వాత "అబ్బా!" అన్నాడు. ఇక పిల్లల్ని ఎవరాపుతారు?

మేష్టారేం చేశాడంటారు? ఆ చెయ్యి వదిలించాడనుకుంటున్నారా? "వెధవ వేషాలు వేస్తావా, నా పరువు తీస్తావా!" అని అరిచాడయ్యా ఆ మేధావి. అరిచాక గ్లాసు లాక్కున్నాడు. చర్మం కూడా వచ్చింది దానితో. బాబాయి తువ్వాలు పైకి తోసుకుని, ఎవరిదో చెయ్యి తన భుజానికి తగిలించినట్టు చూసుకున్నాడు. "ఇంత కాలిందేమిటండీ?" అన్నాడు మెల్లగా. ఏడవలేదు. ఏడవడానికి నొప్పుండాలి కదా!

ఎందుకు లేదు? మంచి ప్రశ్న. షుగర్ జబ్బురా అబ్బాయ్. ఏళ్ళ తరబడి ఉంది, ఎవరూ పరీక్ష చేయించలేదు. అది మెల్లమెల్లగా నాడుల్ని తినేస్తుంది. కబురు మోసే నాడే చచ్చాక వెన్నుపాముకి ఏం తెలుస్తుంది, మెదడుకేం తెలుస్తుంది?

ఆ సాయంత్రమే మేష్టారు ముత్యాల్లాంటి అక్షరాలతో బాబాయి మీద ఫిర్యాదు రాశాడు, పాఠాన్ని నవ్వులపాలు చేశాడని. బాబాయి దానికే భయపడ్డాడు, చేతికి కాదు. మర్నాడు గుడ్డ చుట్టుకుని వచ్చి అదే చేత్తో గంట కొట్టాడు, అదే చేత్తో బిందెలు మోశాడు. నొప్పి లేదుగా మరి, జాగ్రత్త ఎలా వస్తుంది? అయిదో రోజుకి చీము పట్టి మోచేతి దాకా వాచింది. ఆస్పత్రిలో మూడు వేళ్ళు తీసేశారు. డాక్టరమ్మ ఒకే మాట అందట: "బడిలో పనిచేస్తున్నావంటున్నావు, అక్కడ సైన్సు చెప్పేవాళ్ళెవరూ లేరా?"

లేరమ్మా తల్లీ. బొమ్మలు గీసేవాడొకడున్నాడు.

ఏమంటున్నావు? పాపం, మేష్టారికి తెలియదు కదా అంటున్నావా?

తెలుసు.

తనిఖీకి రెండు రోజుల ముందు వరండాలో బాబాయి చెప్పు ఒకటి కాల్లోంచి జారిపోయింది. బాబాయికి తెలియలేదు. ఒంటి చెప్పుతో ఆ చివరిదాకా నడిచి వెళ్ళిపోయాడు. మేష్టారు చూశాడు. పాదానికి స్పర్శ లేదన్నమాట అని ఆ పెద్ద మెదడుకి క్షణంలో తట్టింది. ఆస్పత్రికి పొమ్మని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి? కానీ బాబాయి వెళ్తే గ్లాసు ముందు ఎవరు నిలబడతారు? పాదమే కదా, చెయ్యి కాదు కదా అనుకున్నాడు. అయినా మనసులో పీకుతూనే ఉంది. చెయ్యి కూడా మొద్దుబారి ఉంటే ఎగరదేమోనని, ఆ రోజు నీళ్ళు ఇంకాస్త మరిగించాడు.

అవునర్రా. అనుమానం ఉండే మరిగించాడు.

ఇవన్నీ నాకెలా తెలుసా? వరండాలో ఇంకెవరూ లేరే? లేరు. నేనొక్కణ్ణే ఉన్నాను.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. అదో పెద్ద ఘనకార్యమన్నట్టు బాబాయి ఇప్పటికీ నేను ఎదురుపడితే లేచి నిలబడతాడు. మిగిలిన రెండు వేళ్ళూ నుదుటికి ఆనించి దండం పెడతాడు. నేనేం చేస్తాను? తల ఊపి వెళ్ళిపోతాను. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడికి 'తప్పు నాదే' అన్న ఒక్క మాట నోట్లోంచి రాదు. అంతే మరి, ఏం చేస్తాం.

చాలు, అలా నోళ్ళు తెరుచుకుని చూడకండి. లేవండి, మీ అమ్మలు ఎదురు చూస్తుంటారు. ఇళ్ళకి పోయి కడుపునిండా తినండి.