లోకమంతా చదివే పేపరు

తన పరిశోధన పేపరు వెలువడిందని తెలియగానే, పీహెచ్‌డీ చేస్తున్న కొత్త పెళ్లికూతురు గంతులేసుకుంటూ గైడుకి ఆత్రేయపురం పూతరేకులు పట్టుకెళ్లింది.

"ఓపెన్ యాక్సెస్ తల్లీ! ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మీ ఆయనకీ చూపించు."

"నేను మీ గుమ్మం దాకా వచ్చాక, ఆయనే చూసి ఫోన్ చేశారండి. నా పేరు లేదన్నారు."

"చివర కృతజ్ఞతల్లో ఉందిగా."

"గోదావరి లంకల్లో కొబ్బరి తోటలన్నీ తిరిగి రాసింది నేనండి. మీ పక్కన ఆ రెండో పేరు ఎవరిది సార్?"

"మా అల్లుడిది. ప్రమోషన్ రావాలి పాపం. నీకు పెళ్లయిందిగా, ఇంక పేరెందుకు?"

"వచ్చే నెల థీసిస్ ఇవ్వాలండి. అందులో ముఖ్యమైన అధ్యాయం ఇదే."

"అది తీసెయ్. ఇప్పుడిది నెట్‌లో ఉంది కదా, మా పేపర్ని నువ్వే కాపీ కొట్టావని సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది."

"మరి నా కష్టమంతా ఏమైపోయినట్టండి?"

"లోకమంతా చదువుతోంది కదమ్మా. సంతోషించు."