గోడ మీద గువ్వ మొహం

సెలవుల కళాశిబిరం ఆఖరి సాయంత్రం. చూడ్డానికి వచ్చినవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. గోడ నిండా పిల్లలు చేసిన మాస్కులు వేలాడుతున్న గదిలో శిబిరం టీచరూ, ఓ పిల్ల తల్లీ మిగిలారు.

“ఇది మా గువ్వది కాదు.”

“అదేంటమ్మా, కింద పేరు రాసుంది కదా. గువ్వ అని. ఎంత పెద్దక్షరాలో చూడండి.”

“పేరు దానిదే టీచర్ గారూ. మొహం దానిది కాదంటున్నాను.”

“మాస్కంటే ఫోటో కాదు కదండీ. ఆరేటప్పుడు ఒకచోట లాగుతుంది, ఒకచోట ఉబ్బుతుంది. పైన ఈ రంగులొకటి. పొద్దున ఒకాయన సొంత కొడుకు మాస్కు ముందే నిలబడి ‘మావాడిదెక్కడండీ’ అని అడిగాడు. నవ్వాపుకోలేక చచ్చాం.”

“ఆయన సంగతి నాకు తెలీదు. ఈ మొహానికి పొద్దునా రాత్రీ మందు రాసేది నేను. పుట్టిన దగ్గర్నుంచీ. కరెంటు పోయినా నా చెయ్యి ఆగదు. దాని నుదురు ఇంత వెడల్పుండదు. ముక్కు ఇట్లా కోటేరులా ఉండదు. బండముక్కు దానిది, వాళ్ళ నాన్న పోలిక.”

“ముందు కూర్చోండమ్మా. అయ్యో, ఆ బల్లకి ఆనుకోకండి, బట్టలన్నీ తెల్లగా అవుతాయి. ఈ ప్లాస్టర్ దుమ్ము ఎంత తుడిచినా పోదు. మంచినీళ్ళు తాగుతారా?”

“నీళ్ళొద్దు. మా ఆయన గేటు దగ్గర బండి మీద కూర్చునున్నాడు. మాస్కు ఫోటో తీసుకురా, అమ్మకి పంపిస్తానన్నాడు. మాటిచ్చాడు కదా, ఈ శిబిరంలో మా పిల్ల నలుగురితో కలిస్తే బడిలో వేస్తానని. ఇన్నాళ్ళూ ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించుకున్నాం. నిన్న తనంతట తనే వెళ్ళి బడి సంచి కొనుక్కొచ్చాడు.”

“చాలా సంతోషమండీ! చాలా మంచి మాట చెప్పారు. మాకింతకన్నా ఏం కావాలి?”

“ఆగండి, సంతోషం తర్వాత. ఈ పక్కనున్నది ఎవరిది?”

“ఇదా? రింగుల జుట్టు పిల్లది. అందరూ దాన్ని రింగులూ అనే పిలుస్తారు. మీ గువ్వకి ప్రాణ స్నేహితురాలు.”

“తెలుసు. ఇంటికొస్తే దాని జపమే. ఇదిగో, ఈ రింగులు గడ్డం మీద సొట్ట చూశారా? ఇప్పుడు ఇటు చూడండి. మా దాని గడ్డం మీదా అదే సొట్ట. అదే చోట. చెయ్యి పెట్టి చూడండి. పెట్టండి పర్వాలేదు, ముట్టుకోమనేగా గోడ మీద రాశారు.”

“అవునండీ, ముట్టుకుని చూడమనే పెట్టాం. ఇవాళ వచ్చినవాళ్ళంతా తడిమి తడిమి చూశారు. పిల్లలైతే ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు నిమురుకుంటూ, పేర్లు పెట్టి పిలుచుకుంటూ, ఒకటే గోల. మీరు కాస్త ముందొచ్చుంటే...”

“మాట దాటేయకండి.”

“దాటేయడానికేముందమ్మా ఇందులో.”

“మా గువ్వ గడ్డానికి సొట్ట లేదు.”

“అది... ఆరేటప్పుడు ఒక్కోసారి...”

“ఆరేటప్పుడు పక్కపిల్ల గడ్డం వచ్చి దీనికి అతుక్కుందా? మసిపూసి మారేడుకాయ చేయకండి టీచర్ గారూ. మీ పని నాకు తెలీదనుకోకండి, అది ఇంటికొచ్చి రోజూ పూసగుచ్చినట్టు చెప్పేది. ముందు మొహానికి వాజలిన్ రాస్తారు. తడిపిన ప్లాస్టర్ పట్టీలు ఒక్కోటీ మీద అతికిస్తారు. గట్టిపడ్డాక మెల్లిగా ఊడదీస్తే అచ్చు. ఆ అచ్చులో కాగితమూ జిగురూ పొరలు పొరలుగా వేసి, ఆరాక తీస్తే మాస్కు. అంతేనా?”

“అంతే.”

“ఒకే అచ్చులోంచి రెండు మాస్కులు తీయొచ్చా?”

“తీయొచ్చు.”

“తీశారా?”

“తీశాను.”

“హమ్మయ్య. ఒక ముక్క నిజం రాలింది. మరి మా పిల్ల అచ్చేదీ?”

“పగిలిందమ్మా. పిల్లల చేతులు కదా, జారి కింద పడి... పగిలిపోయింది.”

“దానికి పట్టీలు ఎవరు వేశారు?”

“ఎవరంటే... పిల్లలే.”

“ఏ పిల్ల?”

“అందరూ కలిసి.”

“ఇద్దరిద్దరు జతలంది. ఒకళ్ళు పడుకుంటే ఇంకొకళ్ళు వేయాలంది. మా దాని మీద మాత్రం ఊరంతా వచ్చి పడిందా?”

“మీరిట్లా నిలదీస్తే నేనేం మాట్లాడను?”

“జరిగింది మాట్లాడండి. అచ్చు పగల్లేదు. అసలు వేయనే లేదు. అవునా?”

“అవును.”

“ఒక్కసారి కూడా?”

“మీకోటి చెప్పాలమ్మా. కోప్పడకుండా వినండి. మా శిబిరానికో పద్ధతుంది. పెద్దవాళ్ళం జతలు కట్టం. రోజూ పొద్దున్నే పిల్లలే తమకి నచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకోవాలి. కలుపుగోలుతనం లోపల్నుంచి రావాలి గానీ, మనం నెత్తిన రుద్దితే వచ్చేది కాదని...”

“రోజూనా?”

“రోజూ. కొత్త కొత్త స్నేహాలు కలుస్తాయని.”

“అంటే రోజూ పొద్దున్నే అందరూ చేతులు పట్టుకుంటుంటే మా పిల్ల నిలబడి చూస్తుండేదా?”

“ఊరికే నిలబెట్టలేదండీ! దానికి పని అప్పజెప్పాను. నీళ్ళ లీడరు. బకెట్లు నింపడం, అందరికీ అందించడం, మురికి నీళ్ళు పారబోయడం. దాని కోసం ప్రత్యేకంగా బ్యాడ్జీ చేయించాను. అది లేకపోతే ఈ గదిలో ఒక్క పట్టీ తడిసేది కాదు తెలుసా?”

“ఆ బ్యాడ్జీ పెట్టుకునే పడుకునేది రాత్రిళ్ళు. గుచ్చుకుంటుందే అన్నా తీసేది కాదు. నేనేమో లీడరంటే లీడరే అనుకుని పక్కింటావిడ దగ్గర గొప్పలు పోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.”

“అది సంతోషంగానే ఉందమ్మా. ఒక్కరోజు కూడా ఏడవలేదు.”

“అది ఏడవదు. దానికి ఏడుపెప్పుడో అలవాటు తప్పింది. ఎవరైనా ఏమైనా అన్నారా దాన్ని?”

“అనలేదు. ఒట్టు, ఒక్క మాట కూడా అననివ్వలేదు. కాకపోతే... దగ్గరికొచ్చేవాళ్ళు కాదు. ఒకమ్మాయి చేతులు వెనక్కి పెట్టేసుకుంది. దాన్ని చూసి ఇంకొకమ్మాయి. చిన్నపిల్లలు, తెలిసీ తెలియని వయసు. ఆ చర్మం చూసి భయం.”

“మొదటి రోజు ఇదే గదిలో నిలబడి చెప్పాను మీకు. పుట్టుకతో వచ్చిన పొలుసులు, అంటుకునేవి కావు అని. వాజలిన్ దట్టంగా రాసి పట్టీలు వేస్తే ఏమీ కాదని డాక్టరు చెప్పిన మాట కూడా చెప్పాను. మీరేమన్నారు? ‘ఇక్కడ అందరికీ చోటుందమ్మా, మీరు నిశ్చింతగా వెళ్ళండి’ అన్నారు. నిశ్చింతగా వెళ్ళాను. అన్నారా లేదా?”

“అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.”

“అంటుకోదని పిల్లలకి చెప్పారా?”

“అందరిలో చెబితే దాన్ని వేలెత్తి చూపించినట్టవుతుందేమోనని...”

“చెప్పలేదు.”

“చెప్పలేదు.”

“సరే. పిల్లలు చిన్నవాళ్ళు, వాళ్ళకేం తెలీదు. మీ చేతులేమయ్యాయి? ఆ రెండు చేతులతో మీరు వేయొచ్చు కదా?”

“వేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నానమ్మా. ఒకరోజు మధ్యాహ్నం అందరూ తినడానికి వెళ్ళాక దాన్ని పిలిచాను. ఇదిగో, ఈ బల్ల మీదే పడుకోబెట్టాను. ఎంత బుద్ధిగా కళ్ళు మూసుకుందో. చేతులు రెండూ పొట్ట మీద పెట్టుకుని.”

“ఊఁ. తర్వాత?”

“గ్లవ్స్ తొడుక్కున్నాను.”

“గ్లవ్సా?”

“ప్లాస్టర్‌కి చేతులు పగులుతాయండీ, అందుకని...”

“మిగతా పిల్లలకి సాయం చేసేటప్పుడు తొడుక్కునేవారా?”

“అప్పుడంటే హడావిడిలో...”

“తొడుక్కునేవారా, లేదా?”

“లేదు.”

“అది చూసిందా?”

“రబ్బరు చప్పుడైంది. కళ్ళు తెరిచి నా చేతులవంక చూసింది. ‘టీచర్, బకెట్లో నీళ్ళయిపోయాయి, తెస్తానుండండి’ అని బల్ల దిగి వెళ్ళిపోయింది. బకెట్ నిండుగానే ఉంది. మళ్ళీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. నేను కూడా... నేను కూడా మళ్ళీ పిలవలేదు.”

“భగవంతుడా.”

“తిట్టండమ్మా. పడతాను.”

“తిట్టడానికి ఓపికేది? ఒకరోజు ఇంటికొచ్చి నా ఒళ్ళో తల పెట్టి పడుకుంది. అమ్మా, ఇవాళ రింగులు నాకు పట్టీలు వేసిందమ్మా అంది. ముందు నుదుటి మీద, తర్వాత బుగ్గల మీద, ఆఖర్న కళ్ళ మీద. ఎంత చల్లగా ఉందో అమ్మా అంది. చక్కిలిగింతలు పుట్టినా నవ్వలేదమ్మా, నవ్వితే అచ్చు చెడిపోతుంది కదా అంది. నేను మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాను. ఆయన రాగానే ఆయనకీ చెప్పించాను. ఆయన అట్లా విని విని, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాడు.”

“అన్నీ తెలుసు దానికి. నీళ్ళ గిన్నె పట్టుకుని అందరి పక్కనా నిలబడి చూసేది కదా.”

“ఇప్పుడు ఏం చేయమంటారు నన్ను? ఏ మొహం పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళను? నలుగురిలో పడేస్తే నలిగిపోతుందే అన్నాడు. నేనే గొంతు చించుకుని పోట్లాడాను. కలవకపోతే ఇక జన్మలో బడి మాట ఎత్తనని ఆయన చేతిలో చెయ్యేసి చెప్పాను.”

“చెప్పకండి ఆయనకి. మాస్కు పట్టుకెళ్ళండి. మగవాళ్ళు సొట్టలు చూస్తారా ఏమన్నానా?”

“అందుకేనా చేశారు ఇది? మమ్మల్ని మాయ చేయడానికా?”

“కాదమ్మా! అందరివీ ఉండి దానిదొక్కటీ లేకపోతే... ఒట్టి మేకు కనిపిస్తుంటే చూడలేకపోయాను. అందరి అమ్మానాన్నలూ వస్తారు. మీరొస్తారు. ఏదీ అంటే ఏం చెప్పను? దాని కోసమే చేశాను.”

“దాని కోసమా, మీ కోసమా?”

“ఏమో. రెండూ అనుకోండి. తల తిరిగిపోతోంది నాకు.”

“ప్లాస్టర్ మిగిలిందా?”

“దేనికి?”

“ఉందా, అయిపోయిందా?”

“కొంచెం ఉంది.”

“ఒక మొహానికి వస్తుందా?”

“వస్తుంది.”

“వాజలిన్ డబ్బా తీయండి. పట్టీలు నేను వేస్తాను. ఇప్పుడే. ఎట్లా వేయాలో పక్కన నిలబడి చెప్పండి, చాలు. ఆయన్ని ఇంకాసేపు కూర్చోనివ్వండి గేటు దగ్గర.”

“నేనూ వేస్తానమ్మా. వేయనివ్వండి. ఒట్టి చేతుల్తో వేస్తాను. కాగితం ఆరడానికి టైము పడుతుంది గానీ, రేపు నేనే మీ ఇంటికి తెచ్చిస్తాను. ఆ గోడ మీదున్నది తీసేస్తున్నాను. ఇదిగో.”

“తీసేయండి. పిల్లెక్కడుంది?”

“కుళాయి దగ్గర. బకెట్లు కడుగుతోంది. ఆఖరి రోజు వదిలేయవే అంటే వినలేదు.”

“గువ్వా! ఓయ్ గువ్వా! ఇట్రా తల్లీ.”

“వస్తున్నానమ్మా! ఇంకొక్క బకెట్!”

“బకెట్లు పోయి గంగలో కలవనీ, ముందు నువ్వు రా.”

“ఏంటమ్మా? నాన్న పిలుస్తున్నాడా?”

“కాదు. ఈ బల్లెక్కి పడుకో. నీ మొహానికి అచ్చు వేద్దాం.”

“నాకా? నాది అయిపోయిందిగా. గోడ మీద ఉంది.”

“అది నీది కాదురా బంగారం. నాకు తెలుసు. అబద్ధం చెప్పావని కోప్పడన్లే, దా.”

“టీచర్ చెప్పేశారా?”

“ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. నీ మొహం నాకు తెలీదేంటే? నేను వేస్తాను, టీచర్ వేస్తారు. చల్లగా ఉంటుంది. చక్కిలిగింతలు పెడతాం, నవ్వకూడదు మరి.”

“టీచర్! దాన్నెందుకు తీశారు? పెట్టేయండి! మళ్ళీ పెట్టేయండి టీచర్!”

“నీ అసలు మొహమే పెడదామమ్మా అక్కడ. ఎవరిదో ఎందుకు? అచ్చంగా నీది.”

“వద్దు. అమ్మా, పెట్టేయమని చెప్పవా. నేను పడుకోను. నాకు అచ్చొద్దు.”

“ఎందుకొద్దే? అది రింగులు మొహమే పిచ్చిపిల్లా, నీది కాదే!”

“నాకు తెలుసమ్మా. కానీ కింద పేరు నాదేగా. పొద్దున్నుంచీ అందరూ ‘గువ్వా, గువ్వా’ అంటూ దాని బుగ్గలు ముట్టుకున్నారు.”