ఈల వేసిన మనిషి

బయట వాన కురుస్తోంది. భర్త వెంట డిటెక్టివ్‌ను పెట్టిన ఆవిడ ఆ డిటెక్టివ్ గదిలోకి వచ్చి, తడిసిన గొడుగు మూలన పెట్టి కూర్చుంది.

“మా ఆయన సంగతి ఏం తేలిందండీ?”

“నీడలా వెంటాడానమ్మా. నిన్న సాయంత్రం పార్కులో కూర్చుని పావురాలకు గింజలు వేశారు. బంగారంలాంటి మనిషి.”

“నిన్న సాయంత్రమా? కళ్లారా చూశారా?”

“దేవుడి మీద ఒట్టు. ఈల కూడా వేశారు.”

“ఈలే! పెళ్లయ్యాక నేనొక్కసారీ వినలేదు. పోలీసులడిగినా ఇదే చెబుతారా?”

“ఎవరడిగినా ఇదే. మధ్యలో పోలీసులెందుకమ్మా?”

“మొన్న రాత్రి మేడమెట్ల మీంచి పడి చనిపోయారండీ. కాలు జారిందో, నా చెయ్యి తగిలిందో. నిన్న మధ్యాహ్నం నుంచి మాత్రం నేను మా అక్క ఇంట్లోనే ఉన్నాను.”

“అయ్యో! అమ్మా, ముసురని నేను గడప దాటలేదు. పావురాలూ ఈలా అన్నీ నా కల్పనే!”

“తెలుసండీ. అంతకుముందు ఆయన జ్వరంతో మంచం దిగకపోతే, మీరు రోజూ మీ కబుర్లలో ఆయన్ని ఊరంతా తిప్పారు. ఇలాంటి సాక్షి దీపం పెట్టి వెతికినా దొరకడనుకున్నాను.”

“ఇప్పుడే వెళ్లి నిజం చెప్పేస్తాను!”

“చెప్పండి. తరవాత మీ గుమ్మం ఎవరైనా తొక్కుతారా?”

లేవబోయిన అతను మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

“పైన దేవుడు చూస్తున్నాడమ్మా.”

“ఆయన చూశాడు లెండి. చూడకుండా చూశానన్నది మీరే. ఆ ఈల ఏ పాటో ఆలోచించుకోండి, పోలీసులడుగుతారు.”

“...జోలపాటని చెప్పనా అమ్మా?”