ముగ్గు పోసిన చెయ్యి

గట్ల గోడను కింది నుంచి మీదికి చూసుకుంట నిలవడితె ఎట్ల వాహెద్ సాబ్? గోడేమన్న ఉరుకుతదా? మీరు ముగ్గు పోసిన కాన్నే ఉన్నది, ఇంచు గూడ జరుగలే. రాండ్రి, కూసోండ్రి. గా ఎర్ర రంగు డబ్బా జర దూరం పెట్టుండ్రి. పిండిల వడ్డదంటె ఇయ్యాల ఊరంత ఎర్ర రొట్టెలే తింటరు.

ఇగో, చాయ్. వద్దా? గదేంది! కిష్టవ్వ మీద కోపమొస్తె వచ్చింది గనీ, కిష్టవ్వ చాయ్ ఏం జేసింది? నేను కేసు ఏసింది మున్సిపాలిటీ మీద, మీ మీద గాదు. వట్టుకోండ్రి. అంచుకు వట్టుకోండ్రి, కాలుతది.

పిండి గిర్ని బంద్ జేసిన, మీ మాట ఇనవడాలె గదా అని. మీరేమో ఇంక గోడ దిక్కే చూస్తుండ్రు.

తెలుసు సాబ్, ఎందుకొచ్చిండ్రో తెలుసు. యాడిదాంక కూలగొట్టాల్నో గోడ మీద గీత గీసి రమ్మన్నరు. కేసు నడుస్తుంటె గీయద్దని కోర్టు ఏం చెప్పలేదట. కానియ్యుండ్రి. గనీ గీసే ముందు జర యాదికి తెచ్చుకుందాం.

గీ గిర్ని అర్ర కడ్తమనుకున్నప్పుడు మా ఇంటాయన ఏమన్నడు? 'రోడ్డు పెద్దగ జేస్తరంటున్నరు, ఆఫీసుకు పోయి కాయితం అడుగుదామే' అన్నడు. ఇంటాయన మాట ఇంటె నేను కిష్టవ్వను ఎట్లయిత? 'కాయితమెందుకయ్యా, ఓవర్సీర్ సాబ్‌తోనే పునాదికి ముగ్గు పోయిద్దాం' అన్న. ఊరంత మీ చెయ్యి మంచిదంటది గదా! మీరు ముగ్గు పోసిన ఇల్లు నిలవడ్తది, సల్లగుంటది అంటరు. సర్కారే వచ్చి ముగ్గు పోసినంక ఇగ సర్కారు కాయితం దేనికనుకున్న. తెలివి చూడుండ్రి నాది.

అడిగిన్నా లేదా మిమ్ముల? ముగ్గు పిడికిట్ల వట్టుకొని నిలవడ్డరు. 'సాబ్, రోడ్డు మా దిక్కు వస్తదా?' అన్న. రోడ్డు నక్ష చూసి చెప్తనన్నరా? లే. ఆఫీసుకు పోవాలె, బీరువా తీయాలె, దుమ్ము దులుపాలె, గా ఎండల ఎవలు పోతరు? చెయ్యి గిట్ల తిప్పి, 'బేఫికర్ కట్టుకో కిష్టవ్వా, రోడ్డు ఆవలి దిక్కు పోతది' అన్నరు. ఆవలి దిక్కు పాన్ డబ్బాయన మొఖం మాడిపోయింది. పాపం, ఇప్పుడు నన్ను చూసి నవ్వుకుంట పాన్లు కడ్తుండు.

గా ఒక్క మాట మీద బర్లను అమ్మిన. మోటర్ తెచ్చిన, రాళ్ళు దింపిన, గచ్చుల బోల్టులు పాతిచ్చిన. గిర్ని అంటె మంచమా సాబ్, గీడికెల్లి ఎత్తి గాడ ఏసుకోను?

ఇప్పుడేమో బీరువా తీసి నక్ష చూసిండ్రు. రోడ్డు మా దిక్కేనట! అర్ర సగం పోతది, మోటర్ ఉన్న సగమే.

నేనేమన్న లొల్లి జేసిన్నా? మిమ్ముల తిట్టిన్నా? తిట్టిన గనీ, ఇంట్లనే. తెల్లారి వకీలు కాడికి పోయిన. ఆయన మంచిగ చెప్పిండు. 'సర్కారోడు చూసుకోకుండ తప్పు చెప్పిండు, నువ్వు నమ్మి కట్టుకున్నవు, నీ నష్టానికి మున్సిపాలిటే జవాబు చెప్పాలె' అన్నడు. 'గనీ ఓవర్సీర్ డ్యూటీ మీద వచ్చే చెప్పిండని రుజువు కావాలె' అన్నడు.

దానికి మీ ఆఫీసోళ్ళు కోర్టుల ఏమన్నరో ఎరుకే గదా? 'వాహెద్ ఆడికి ఓవర్సీర్ లెక్క పోలే, సుట్టం లెక్క పోయిండు. పిలిస్తె పోయిండు, ముగ్గు పోసిండు, బెల్లం తిన్నడు, వచ్చిండు' అన్నరు. నాకు నవ్వాగలే. జడ్జి సాబ్ గూడ మొఖం అటు తిప్పుకున్నడు. సుట్టమట! మరి ఆనాడు జాగ కొలిసిన టేపో? ఆఫీసుది గాదా, మీ అత్తగారింటి కెల్లి తెచ్చుకున్నరా? గా కొస వట్టుకున్న చప్రాసి మీ బామ్మర్దా?

నవ్వుండ్రి, నవ్వుండ్రి. పైస ఖర్చు గాదు.

ఆ? ఏందీ? జర గట్టిగ చెప్పుండ్రి.

పించినా?

ఆగుండ్రి. రేపు కోర్టుల మీరు గవాయి చెప్పాలె. డ్యూటీ మీద చెప్పిన్నంటె, నక్ష చూడకుండ ఎట్ల చెప్పినవని మీ పించిను ఆపుతరా? బక్రీద్ దాటినంక రిటైరయితుండ్రని తెలుసు గనీ, గిది నాకెవ్వలు చెప్పలే సాబ్. మీ ఇంటామె సలీమా బీబీ గూడ చెప్పలే. మొన్న జొన్నలు వట్టియ్య వచ్చి, నా దిక్కు చూడనే లే. పిండి సంచి గూడ మర్చిపోయి పోయింది. గందుకేనా!

అయితె నా గిర్ని నష్టం పైసలు రావాలంటె మీ పించిను పోవాలె. మంచిగనే ముడివెట్టిండు దేవుడు.

సరే, ఒక మాట చెప్త. ఇయ్యాల మీరు ఓవర్సీరా, సుట్టమా? ఓవర్సీర్ అయితె గిలాస కింద పెట్టుండ్రి, బ్రష్ వట్టుండ్రి, గీత గీయుండ్రి. నేనడ్డం రాను. గనీ ముగ్గు పోసిన్నాడు గూడ ఓవర్సీర్నే అని రేపు కోర్టుల చెప్పాలె. సుట్టమంటరా, బ్రష్ ముట్టద్దు. చాయ్ తాగుండ్రి, పోండ్రి. తిన్నింటి గోడ మీద సుట్టం గీత గీస్తడా? రెండిట్ల ఒకటి చెప్పుండ్రి.

తొందరేం లేదు. నేను గీ జొన్నలు చెరుగుకుంట కూసుంట.

...

తాగిండ్రా?

మొత్తం తాగిండ్రు! సల్లారి మీగడ గట్టింది, గదీ ఇడువలే.

అంటె రేపు సుట్టాన్నే అంటరు. అనుండ్రి, ఇంకేమంటరు? మా వకీలు నెత్తి కొట్టుకుంటడు. 'గవాయికి చాయ్ పోసినవా పిచ్చిదానా' అంటడు. గడప తొక్కినోనికి చాయ్ పొయ్యకుండ ఎట్లుండాల్నో మా అవ్వ నాకు నేర్పలే.

నిజం చెప్పాల్నా సాబ్? ఇందాక మీ చెయ్యి బ్రష్ దిక్కు పోయింది చూడుండ్రి, అప్పుడు నా పాణం గుంజింది. గిర్ని పోతదని గాదు. ముగ్గు పోసిన చెయ్యే గీత గీస్తె, ఇగ గీ ఊర్ల ఎవ్వలను నమ్మి ముగ్గు పోయుమనాలె?

పోండ్రి, పొద్దువోతుంది. సలీమా బీబీ పిండి సంచి గాడ్నే ఉన్నది, తీస్కపోండ్రి. గా డబ్బా గూడ తీస్కపోండ్రి. మీరు గీయకుంటె ఎల్లుండి వేరేటోన్ని తోలుతరు, గంతే గదా. వాడెవడో నాకు తెల్వదు, వానికి నేను తెల్వదు.

వానికి మాత్రం చాయ్ పొయ్యను.