రెండుసార్లు కనిపించిన పెన్‌డ్రైవ్

కోర్టు హాలు బయటి బెంచీ మీద మేనకోడలు లాప్‌టాప్‌తో కుస్తీ పడుతున్నది. వకీలైన మేనత్త తలుపు వైపే చూస్తున్నది.

"కంగారు పడకత్తా. డిస్కు బాగానే ఉంది. లాప్‌టాప్‌ను మొదట లేపే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అయ్యాక, దీన్ని నడిపే లినక్స్ ఎక్కడుందో మర్చిపోయింది, అంతే."

"అంతే అంటావేమే! ఫ్యాక్టరీ మంటల్లో కాలిన ఆ పిల్ల పోయేముందు చెప్పిన మాటల రికార్డింగు అందులోనే ఉంది. మళ్ళీ ఎవర్ని అడగను?"

"పెన్‌డ్రైవ్‌తో లేపాను. అయినా లినక్స్ చోటు చెప్పే బూట్ ఎంట్రీ రాయనివ్వట్లేదు."

"ఇందాక తెర మీద చూశాను, మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లుంది. ఏది నొక్కావు?"

"పైది."

"యూఈఎఫ్ఐ అని కొత్త పద్ధతిది కిందది కదే!"

"అయ్యో! పాత పద్ధతిలో లేపితే ఎలా రాయనిస్తుంది? మళ్ళీ లేపుతా."

"మన కేసు పిలిచారు."

"ఒక్క క్షణం... రాసింది. లినక్స్ వచ్చేసిందత్తా!"

"పద లోపలికి. ఫ్యాక్టరీ తలుపుకు బయట తాళం వేసిందెవరో ఆ పిల్లే చెబుతుంది."