సెవెరో బెంచీ మీద చోటు

ఆ దయ్యాల పుస్తకాల కోసమా ఇంత దూరం వచ్చావు? మనీలాలో దొరకలేదా? సరే, కూర్చో అమ్మాయ్, ఆ కుర్చీ లాక్కో. ఏటా నీలాంటివాళ్లు ఒకరిద్దరు వస్తూనే ఉంటారు, సెవెరో దగ్గర మొదటి సంచికలు ఉండేవట కదా, ఇప్పుడెక్కడున్నాయి అని. పుస్తకాల సంగతి అడుగుతారు గానీ మనిషి సంగతి అడగరు. సన్నగా ఉండేవాడు, ఎంత ఎండలోనైనా చొక్కా పైగుండీ పెట్టుకునేవాడు. అదిగో, ఆ ఫోన్ల కొట్టు ఉంది చూడు, అక్కడే ఆయన దుకాణం. బట్టలారేసినట్టు తాడు మీద బొమ్మల పుస్తకాలు వేలాడదీసేవాడు, అన్నీ దయ్యాలవే. ప్రేమకథలు కూడా పెట్టు అన్నా, ఆడపిల్లలొస్తారు అని నేనంటే, 'భయపడినవాడే రెండో భాగం అడుగుతాడు లూదీ' అనేవాడు. ముందు పొడుగాటి బెంచీ ఒకటి. అద్దె ఇచ్చి అక్కడే కూర్చుని చదివి ఇచ్చేసి పోవాలి. మంచి ప్రతులు మాత్రం ఎవరికీ ఇవ్వడు, మైనపు కాగితం చుట్టి పెట్టెలో దాచేవాడు. పెళ్లాం కోన్సింగ్ వదినైనా సరే, చేతులు కడుక్కునే ముట్టుకోవాలి.

ఏం చెబుతున్నాను? ఆ, బెంచీ. చావింటి నుంచి నేరుగా ఇంటికి పోకూడదు కదా, దారిలో ఎక్కడో ఆగి, వెంట వచ్చినదాన్ని అక్కడ దులుపుకుని పోవాలి. అప్పట్లో జనం ఓసారి బేకరీ దగ్గర, ఓసారి రేవు దగ్గర ఆగేవాళ్లు. ఎప్పుడూ ఒకేచోట ఆగకండే, వాటికి ఆ చోటు అలవాటైపోతుంది అని మా అమ్మ తిట్టేది. సెవెరో అన్నకి అందులో వ్యాపారం కనిపించింది. 'చావింటి నుంచి వచ్చేవాళ్లకి మొదటి పుస్తకం ఉచితం' అని అట్టముక్క మీద రాసి కట్టాడు. ఇంకేముంది, ఎవరు పోయినా ఊరంతా అక్కడికే. చదివి, నవ్వుకుని, తేలిగ్గా లేచి పోయేవాళ్లు. తేలిగ్గానే ఉంటుంది మరి, బరువంతా అక్కడ దించేశారుగా.

ఓ మధ్యాహ్నం నా కళ్లారా చూశాను. ఆరుగురు పట్టే బెంచీ మీద ముగ్గురే ఉన్నారు. జాలరి ఒకడు వచ్చి, 'కాస్త జరగండయ్యా' అన్నాడు. చివరవాడు తలెత్తకుండానే, 'ఎక్కడికి జరగమంటావు, ఇరుక్కుని చస్తుంటే' అన్నాడు. వాడి భుజం నిజంగానే నొక్కుకుపోయి ఉంది. పక్కన చూస్తే ఖాళీ. అప్పుడు వాడూ చూశాడు. పుస్తకం మూసి, చెప్పులు అక్కడే వదిలేసి నడిచిపోయాడు. సెవెరో అన్న ఆ చెప్పులు పక్కకు పెట్టి, 'గిరాకీ బాగుంది లూదీ, బెంచీ చాలట్లేదు' అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు.

బెంచీతో ఆగినా బాగుండేది. జనం అక్కడ దులుపుకుని ఇళ్లకు పోతారు, మరి ఆ మొగుడూపెళ్లాలు ఎక్కడ దులుపుకోవాలి? దుకాణం మూసి నేరుగా ఇంటికేగా. వదిన చిక్కిపోసాగింది. ఓ పొద్దున నాతో అంది, 'చాప మీద నాకు చోటుండట్లేదే. మీ అన్న ఆ చివర పడుకుంటాడు, నేను ఈ చివర నేల మీదకి వచ్చేస్తున్నాను. మధ్యలో చెయ్యి పెడితే చల్లగా తగులుతోంది.' నేను వదినను వెంటబెట్టుకుని దుకాణానికి పోయాను. 'అన్నా, ఆ అట్ట పీకెయ్, ఫాదర్‌ని పిలిపించు' అన్నాను. వదిన ఒక్క మాటే అంది, 'చావింటివాళ్లని రావద్దని చెప్పు, నన్ను బతకనివ్వు.' ఆయన పెట్టె మీద చెయ్యేసి, 'ఒక్క నెల ఓర్చుకో కోన్సింగ్. ఈ గిరాకీ డబ్బుతో ఇంకో రెండు సంచికలు కొంటే నా మొదటి సంచికల వరస పూర్తవుతుంది' అన్నాడు. పెళ్లాం మొహంలోకి చూస్తూనే అన్నాడమ్మాయ్. మనిషికి ఆశ ఉండొచ్చు. ఇంట్లో మనిషిని పక్కకు నెట్టి దానికి చోటివ్వకూడదు.

నెల తిరగలేదు. జ్వరం అన్నారు. ఆఖర్లో వదిన గోడకి అతుక్కుపోయి, 'జరుగుతున్నాను, జరుగుతున్నాను' అంటూ పోయింది.

చావుకి ఊరంతా వచ్చింది. ఆ సాయంత్రం జనం లేచి మామూలుగానే దుకాణం వైపు నడిచారు. సెవెరో అన్న అప్పటికే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు, పక్కన చోటు చేత్తో తుడుస్తూ. 'కోన్సింగ్ మీలో ఎవరో ఒకరి వెంట వచ్చే ఉంటుంది' అన్నాడు. 'ఇక్కడ వదిలి పొండి. నేను ఇంటికి తీసుకుపోతాను.' ఎవరూ కదల్లేదు. పక్కింటిదాన్ని కదా, వస్తే నా వెంటే వస్తుంది అనుకుని నేనే ముందుకెళ్లాను. బెంచీ ముందు నిలబడి గౌను అంచు దులిపాను. 'వదినా, ఇదిగో అన్న' అన్నాను.

ఆయన కాస్త జరిగాడు. చోటిస్తున్నాడనుకున్నాను. ఇంకాస్త జరిగాడు. అప్పుడు చూశాను, కాళ్లు నేలకి తన్నిపెట్టి ఆపుకుంటున్నాడు, రెండు చేతులా బెంచీని పట్టుకున్నాడు, అయినా జరిగిపోతూనే ఉన్నాడు. 'లూదీ,' అన్నాడు, 'ఇంతమందిలో మీ వదిన ఏదే?' అంటూనే చివర నుంచి మట్టిలో పడ్డాడు.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఆ బెంచీ తియ్యలేదు. రోజూ ఈ కొస నుంచి ఆ కొసదాకా ఖాళీ చోటు తడుముకుంటూ కోన్సింగ్, కోన్సింగ్ అని పిలిచేవాడు. పెట్టె ముట్టుకోగా నేను చూడలేదు. ఒక్కోసారి పిలవడం ఆపి, ఎవరో పలికితే ఆ గొంతు పోల్చుకుంటున్నట్టు తల వంచేవాడు, మళ్లీ కాదు, కాదు అని...

వాన మొదలైనట్టుంది. ఆ కిటికీ వెయ్యమ్మా.